సంఘము పేర పోవు జాబు



జాబు అందినంతనే బుద్ధిమంతుడు మూడు ప్రశ్నలు వేసికొనును. ఇది ఎవరి మాట? దీనిని తపాలాలో వేసినవారెవరు? బదులు ఎవరికి వ్రాయవలయును? ఈ మూడింటికిని ఒకే పేరు సమాధానమైనచో చిక్కు లేదు. తండ్రి కుమారునకు వ్రాసిన జాబులో ఆలోచన తండ్రిది, చేవ్రాలు తండ్రిది, బదులు కూడ తండ్రికే. కాని పదిమంది కలిసిన సంఘము తన మాటను పైవారికి తెలుపవలసి వచ్చినపుడు ఈ మూడు పేళ్లును వేరుపడును. మాట సంఘముది, వ్రాసి పంపినది ఒక కార్యదర్శి, బదులు రావలసినది ఆ కార్యదర్శి ఇంటికి గాదు, సంఘమునకు. ఈ భేదమును గమనింపనందున ఎన్ని పనులు చెడుచున్నవో మీరెరుగుదురు. నేడు కార్డులు కవర్లు తగ్గి, ఈ-మెయిల్ అను కంప్యూటరు తపాలా మన పల్లెలకు వచ్చినది. దానియందు సంఘము పేర ఒక ఉమ్మడి విలాసమును ఏర్పరచుకొని, పదిమందిలో ఎవరు వ్రాసినను ఆ విలాసమునుండియే జాబు పోవునట్లు ఎట్లు చేసికొనవలయునో, దానివలన కలుగు మేలేమో, అందలి అపాయములేమో చెప్పుట నా ప్రసంగ విషయము.

ఉమ్మడి విలాసము మనకు క్రొత్తది గాదు. ఒకప్పుడు పైనుండి వచ్చు తాకీదు మీద మునసబు పేరు వ్రాసెడివారు గారు. 'గ్రామ మునసబు, వాకాడు' అనియో, 'కరణము' అనియో మాత్రమే వ్రాసెడివారు. మనుష్యుడు మారినను, మరణించినను, సెలవుమీద పోయినను, ఆ కాగితము ఆ ఉద్యోగమునందున్న వానికి చేరెడిది. దస్త్రముల కట్టలో భద్రమై తరువాతివానికి దక్కెడిది. 1984లో కరణము మునసబు ఉద్యోగములు రద్దయినవి. ఆ ఉద్యోగముల గుణదోషములతో నాకిపుడు పని లేదు. కాని కాగితము మనుష్యునకు గాక స్థానమునకు చేరవలయునన్న ఆ యేర్పాటులో గొప్ప తెలివి యున్నది. దానిని మనము పోగొట్టుకొనరాదు.

మన తీరమున ఇంకను పాత నిదర్శన మొకటి కలదు. వాకాడు మండలమునందలి దుగరాజపట్నమున 1626వ సంవత్సర ప్రాంతమున ఆంగ్లేయ కంపెనీవారు ఒక కోఠీని స్థాపించిరి. దానిని వారు ఆర్మగాం అని పిలిచిరి. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిసు డే యనునతడే 1639లో చెన్నపట్నమునకు స్థలము సంపాదించినవాడు. ఆ కంపెనీ కోఠీలనుండి పోవు ముఖ్యమైన జాబులపై పెద్ద యొక్కడే గాక, అతని సభవారును చేవ్రాలు చేయుట ఆచారము. ఏలయన, ఓడ యేడాదికొకమారు వచ్చు దినములలో, జాబు వ్రాసినవాడు బదులు వచ్చువరకు బ్రతికియుండునను నమ్మకము లేదు. బదులు కోఠీకి వచ్చెడిది. ఎవరున్న వారు దానిని విప్పి చదివి నడచుకొనెడివారు. వర్తకమునకు వచ్చినవారు తమ లాభమునకై చేసికొనిన యేర్పాటే యైనను, అందలి సూత్రము ఏ సంఘమునకైనను పనికివచ్చును.

మరియొక సంగతి. మన ఊరు కదలలేదు గాని మన విలాసము ఎన్నిమార్లు మారెనో చూడుడు. 1972లో విలాసము క్రింద పిన్‌కోడు అంకెలు వచ్చి చేరెను. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 2022లో తిరుపతి జిల్లా యేర్పడినపుడు, తరతరములుగా నెల్లూరు జిల్లా అని వ్రాసికొనిన వాకాడువారు తిరుపతి జిల్లా అని వ్రాయవలసి వచ్చెను. కంప్యూటరు తపాలా విలాసమునకు ఈ మార్పులు అంటవు. తాలూకా మారినను జిల్లా మారినను అది మారదు. సంఘము దానిని చేజార్చుకొననంత కాలము అదియే విలాసము. కావుననే దానిని మొదటనే సరిగా ఏర్పరచుకొనుట ముఖ్యము.

మన ప్రాంతమున ఎన్ని సంఘములున్నవి! 1904లోనే మన దేశమునకు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1997లో వచ్చిన చట్టము ననుసరించి ఆయకట్టు రైతులతో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడెను. ఇవిగాక రొయ్యల చెరువులవారు, పడవలవారు, స్త్రీల పొదుపు సంఘములు, దేవాలయ కమిటీలు, పూర్వ విద్యార్థులు. వీరందరును ఇపుడు ఏదో యొక కార్యాలయమునకు ఈ-మెయిల్ వ్రాయకతప్పదు. అయితే చాలచోట్ల జరుగుచున్నదేమి? కార్యదర్శి తన సొంత సెల్‌ఫోనులో, తన సొంత విలాసమునుండి సంఘము జాబు పంపును. మొదట ఇది సులభముగనే కనబడును. చిక్కు తరువాత వచ్చును.

నాకు బాగుగా తెలిసిన రైతు సంఘ మొకటి కలదు. దాని కాగితములు చూచిపెట్టుటలో నేనును సాయపడుచుందును. ఆ సంఘమువారు కాలువ మరమ్మతునుగూర్చి ఒక కార్యాలయమునకు దరఖాస్తు పంపిరి. అప్పటి కార్యదర్శి తన సొంత విలాసమునుండి పంపెను. పని సక్రమముగనే జరిగినది. కొన్ని నెలలకు ఆయన పదవీకాలము ముగిసి, కుమారుని యొద్దకు బెంగుళూరు వెడలిపోయెను. పిమ్మట కార్యాలయమువారు దరఖాస్తులో రెండు సంగతులు స్పష్టపరుపుడని, పదునైదు దినముల గడువిచ్చి, జాబు ఏ విలాసమునుండి వచ్చెనో ఆ విలాసమునకే బదులు వ్రాసిరి. పాత కార్యదర్శి ఆ పెట్టెను తెరచుటయే మానివేసియుండెను. గడువు దాటెను; దరఖాస్తు మూలబడెను. చివర భూములవారు ఆ ఏడు నాట్లకు నీరు చాలక పంట విడిచిరి. కార్యాలయమువారిని తప్పుపట్టుటకు వీలులేదు. వచ్చిన చోటికే బదులు వ్రాసిరి. పాత కార్యదర్శిని తప్పుపట్టుటకును వీలులేదు. ఆయన పదవి దిగెను. కొత్త కార్యదర్శికి అట్టి జాబు వచ్చినదన్న సంగతియే తెలియదు. ఎవరి తప్పును లేక నష్టము వచ్చినపుడు, తప్పు ఏర్పాటులో నున్నదని గ్రహింపవలయును.

ఇక ఈ కంప్యూటరు తపాలా స్వరూపమును కొంచెము చెప్పెదను. 1971లో అమెరికా దేశమున రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు జాబు పంపు సాధనమును చేసి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ 'ఎట్' అను గుర్తును నిలిపెను. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ సంచార నిగమ్ వారి ద్వారా లభించెను. ఈలోపల 1982లో డేవిడ్ క్రాకర్ అను నతడు జాబు పైభాగమున ఏయే వరుసలుండవలయునో నియమావళి వ్రాసెను. ఆ నియమావళి తరువాత సవరింపబడినను అందలి మూల వరుసలు నేటికిని నడచుచున్నవి.

ఆ వరుసలలో మూడింటిని మీరు జ్ఞాపకముంచుకొనవలయును. మొదటిది 'ఫ్రమ్', అనగా ఈ మాట ఎవరిది. రెండవది 'సెండర్', అనగా వాస్తవముగా పంపిన చేయి ఎవరిది. మూడవది 'రిప్లై-టు', అనగా బదులు ఎచ్చటికి పోవలయును. నేను మొదట చెప్పిన మూడు ప్రశ్నలే యివి. యజమాని తరఫున గుమాస్తా జాబు పంపినచో యజమాని పేరు ఫ్రమ్ నందును, గుమాస్తా పేరు సెండర్ నందును ఉండవలయునని ఆ నియమావళి భావము. అంతేకాదు, ఒకే జాబునకు కర్తలు పలువురై యుండవచ్చుననియు, అపుడు పంపిన వానిని తప్పక వేరుగా పేర్కొనవలయుననియు అందు కలదు. అర్జీ వ్రాసిన పంతులు చేతివ్రాతను, అర్జీదారుల వేలిముద్రలను వేరుగా ఎంచిన మన గ్రామ మర్యాదకును దీనికిని ఎంత దగ్గర చుట్టరికమో చూడుడు.

మరల 1997లో అదే క్రాకర్ మరియొక పత్రమున, ప్రతి సంస్థయు మనుష్యుల పేళ్లతో గాక పనుల పేళ్లతో కొన్ని విలాసములు ఉంచుకొనుట మంచిదని చెప్పి, వాటి పేళ్లను వరుసగా నిర్ణయించెను. విచారణలకు ఇన్ఫో, అమ్మకములకు సేల్స్, సాయమునకు సపోర్టు అను విలాసములు అందు చెప్పినవే. పోస్టుమాస్టరు అను విలాసము ప్రతి తపాలా యంత్రమునందును ఉండవలయునన్న నియమము అంతకు పూర్వమే కలదు. యంత్రములు చేసినవారు సైతము స్థానమునకే పేరుండవలయునని తలచిరి.

ఇపుడు పనికి వత్తము. ఉమ్మడి విలాసమును నడపుటకు మూడు దారులు గలవు.

మొదటి దారి, సంఘము పేర ఒక విలాసము తీసికొని, దాని పాస్‌వర్డును పదిమందికిని చెప్పుట. ఇది అందరును పోవు దారి. అందరికంటె చెడ్డ దారియు నిదియే. ఒకే తాళపుచెవికి పది నకళ్లు చేయించి పంచినట్లగును. ఏ జాబు ఎవరు పంపిరో తెలియదు. ఒకడు సంఘము విడిచిపోయిన దినమున అతని జేబులో తాళపుచెవి మిగులును. అతడు మంచివాడే కావచ్చును. అతని ఫోను దొంగచేతిలో పడవచ్చును గదా.

రెండవ దారి, ప్రతివాడును తన పెట్టెను తాను తెరచుకొని, తన ఈ-మెయిల్ ప్రోగ్రాములో సంఘము విలాసమును రెండవ పేరుగా చేర్చుకొనుట. సొంతపని యున్నపుడు సొంత పేర వ్రాయును. సంఘము పని యున్నపుడు ఫ్రమ్ వరుసలో సంఘము పేరును ఎంచుకొనును. ఇద్దరు ముగ్గురు మాత్రమే వ్రాయు చిన్న సంఘములకు ఇది చాలును.

మూడవ దారి, సంఘము పెట్టె యొక్కటియే యుండి, దానిని తెరచు అధికారమును కొందరికి వ్రాసియిచ్చుట. ఎవరి తాళపుచెవి వారిదే. పెట్టె మాత్రము ఉమ్మడిది. ఒకని అధికారము తీసివేయవలసినపుడు తక్కినవారిని కదలింపనక్కరలేదు. ఎక్కువ జాబులు వచ్చిపోవు సంఘములకు ఇది ఉత్తమము.

రెండవ దారికి ఉదాహరణగా థండర్‌బర్డ్ అను ప్రోగ్రామును చెప్పెదను. ఇది వెల లేకయే దొరకును. మెనూలో అకౌంట్ సెట్టింగ్స్ అను చోట మీ సొంత పెట్టె పేరు కనబడును. దాని క్రింద మేనేజ్ ఐడెంటిటీస్ అను బొత్తాము కలదు. ఐడెంటిటీ అనగా జాబుపై కనబడు వేషమని యనుకొనుడు. దానిని నొక్కి, యాడ్ అను దానిని నొక్కినచో ఒక పత్రము తెరచుకొనును. అందు పేరు అడిగినచోట సంఘము పూర్తిపేరును వ్రాయవలయును. విలాసము అడిగినచోట సంఘము విలాసమును, రిప్లై-టు అడిగినచోట మరల అదే విలాసమును వ్రాయవలయును. చేవ్రాలు కొరకు గల ఖాళీలో సంఘము పేరును, రిజిస్టరు సంఖ్యను, ఊరిని వ్రాసికొనవచ్చును. చివర ఏ సర్వరు ద్వారా జాబు పోవలయునో ఎంచుకొనవలయును. ఈ చివరి సంగతి చాల ముఖ్యము. దీనిని మరల చెప్పెదను. ఇంతటితో, కొత్త జాబు తెరచినపుడెల్ల ఫ్రమ్ వరుసలో రెండు పేళ్లును కనబడును, కావలసినదానిని ఎంచుకొనవచ్చును.

జీమెయిల్ వాడువారికి దారి యించుక వేరు. కంప్యూటరులో పూర్తి సెట్టింగులు తెరచి, అకౌంట్స్ అను భాగమునకు పోయినచో సెండ్ మెయిల్ యాజ్ అను వరుస కనబడును. అందు మరియొక విలాసమును చేర్చునపుడు, ఆ విలాసము మరియొక తపాలా సంస్థదైనచో దాని సర్వరు పేరును పాస్‌వర్డును అడుగును. పిమ్మట ఆ విలాసమునకు ఒక పరీక్ష జాబు పోవును. అందలి అంకెలను తెచ్చి చూపినగాని పేరు చేరదు. ఇతరుని పేర జాబు వ్రాయు అధికారము ఊరకే దొరకరాదని ఈ కట్టుబాటు. ఆ భాగముననే, జాబు ఏ విలాసమునకు వచ్చెనో ఆ విలాసమునుండియే బదులు పోవునట్లు చేయు ఏర్పాటు ఒకటి కలదు. దానిని తప్పక ఎంచుకొనుడు. లేనిచో సంఘమునకు వచ్చిన జాబునకు మీ సొంత పేర బదులు పోవును. అవతలివారు అటుపై మీకే వ్రాయుచుందురు. ఉమ్మడి విలాసమంతయు నొక్క బదులుతో వృథా యగును.

మూడవ దారి కూడ జీమెయిల్ నందు కలదు. సంఘము పెట్టెను తెరచి, అదే అకౌంట్స్ భాగమున, గ్రాంట్ యాక్సెస్ అను వరుసలో ఇతరుల విలాసములు చేర్చినచో వారు తమ పెట్టెనుండియే సంఘము పెట్టెను చూడగలరు, జాబులు వ్రాయగలరు. సామాన్యపు జీమెయిల్ పెట్టెకు ఇట్లు పదిమందివరకు చేర్చవచ్చును. వారు పాస్‌వర్డు మార్చలేరు. పెద్ద సంస్థలలో వాడు అవుట్‌లుక్ నందు దీనినే షేర్డ్ మెయిల్‌బాక్సు అందురు. అచట అధికారము రెండు విధములు. సెండ్ యాజ్ అనినచో సంఘము పేరొక్కటియే కనబడును. సెండ్ ఆన్ బిహాఫ్ అనినచో, ఫలానా వ్యక్తి సంఘము తరఫున పంపినాడని రెండు పేళ్లును కనబడును. అడిగినవారికి నేను రెండవదానినే మేలని చెప్పుదును. పంపిన చేయి కనబడుట వలన సంఘము గౌరవము తగ్గదు, నమ్మకము హెచ్చును.

ఇంతవరకు ఏర్పాటు. ఇక జాగ్రత్తలు.

పంపిన జాబు నకలు ఎచ్చట నిలుచునో చూచుకొనవలయును. రెండవ దారిలో నకలు పంపినవాని సొంత పెట్టెలోనే యుండును, తక్కినవారికి కనబడదు. ఒకే ప్రశ్నకు అధ్యక్షుడొక బదులు, కార్యదర్శి యొక బదులు వ్రాసి నవ్వులపాలగుట ఇందువలననే. థండర్‌బర్డ్ నందు ప్రతి వేషమునకును నకళ్ల యేర్పాటు వేరుగా కలదు. పోవు ప్రతి జాబునకును ఒక నకలు సంఘము పెట్టెలోనే పడునట్లు అందు చేసికొనవచ్చును. అవుట్‌లుక్ నందును సామాన్యముగా నకలు పంపినవాని వద్దనే నిలుచును. నిర్వాహకునితో చెప్పి ఉమ్మడి పెట్టెలోను పడునట్లు చేయించుకొనవలయును. పూర్వము పోవు కాగితములకు చిట్టా వ్రాసెడివారు గదా! ఇది ఆ చిట్టాయే.

జాబు అడుగున వ్రాసినవాని పేరును, పదవిని తప్పక వ్రాయవలయును. పైన సంఘము, క్రింద మనిషి. పేరు లేని జాబునకు బాధ్యుడు ఉండడు.

పంపు బొత్తాము నొక్కుటకు ముందు ఫ్రమ్ వరుసను ఒకమారు కన్నెత్తి చూడవలయును. కుమార్తె పెండ్లి శుభలేఖ సంఘము పేరను, కాలువ మరమ్మతు దరఖాస్తు సొంత పేరను పోయిన సందర్భములు నేనెరుగుదును. శుభలేఖ వలన నవ్వు పుట్టును. దరఖాస్తు వలన నష్టము పుట్టును.

సర్వరు సంగతి మరల చెప్పెదనంటిని. కవరుపై 'వాకాడు' అని వ్రాసి, తపాలా ముద్ర మాత్రము ఎన్నడును వినని ఊరిదైనచో మీరు శంకింపరా? కంప్యూటరు తపాలాలో ఫ్రమ్ వరుసయందు ఎవరైనను ఎవరి పేరైనను వ్రాయవచ్చును. మొదట దీనిని చేసినవారు ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది పండితులగుటచేత అడ్డులు పెట్టలేదు. లోకమంతయు వాడుకకు వచ్చిన పిదప మోసము పెరిగెను. అందుపై మూడు కట్టుబాట్లు వచ్చెను. ఎస్పీఎఫ్ అనునది, మా పేర జాబులు ఫలానా తపాలా యంత్రములనుండియే వచ్చునని సంస్థవారు ముందుగా ప్రకటించు జాబితా. డీకిమ్ అనునది జాబుపై వేయు లక్క ముద్ర వంటిది. నడుమ ఎవడైన అక్షరము మార్చినచో ముద్ర చెదరును. డీమార్క్ అనునది, ఈ పరీక్షలు తప్పిన జాబును ఏమి చేయవలయునో చెప్పు ఆజ్ఞ. ఇది 2012లో ప్రకటింపబడెను. 2024 ఫిబ్రవరి మొదలు గూగుల్, యాహూ సంస్థలవారు తమ పెట్టెలకు వచ్చు జాబుల విషయమున ఈ పరీక్షలను గట్టిచేసిరి. కావున సంఘము విలాసముతో వ్రాసి, సొంత సంస్థ సర్వరు ద్వారా పంపినచో, మీరు నిజము వ్రాసినను మీ జాబు దొంగజాబుల గుంపులో పడవచ్చును. ఏ విలాసముతో వ్రాయుదుమో ఆ విలాసము సర్వరు ద్వారానే పంపవలయును. ఏర్పాటైన పిమ్మట వేరువేరు సంస్థల పెట్టెలున్న ఇద్దరు మిత్రులకు పరీక్ష జాబులు పంపి, అవి సరియైన చోట పడినవో లేదో, బదులు సంఘమునకే వచ్చినదో లేదో చూచుకొనుడు.

మోసమునుగూర్చి మరియొక్క మాట. రొయ్యల మేతకో, యంత్రమునకో డబ్బు కట్టవలసిన సమయమున, 'మా బ్యాంకి ఖాతా మారినది, ఇకపై ఈ ఖాతాకు పంపుడు' అని వర్తకుని పేర జాబు వచ్చును. పైన పేరు ఆ వర్తకునిదే యుండును. విలాసములో ఒక్క అక్షరము మారియుండును; లేక విలాసము సరిగనే యుండి, బదులు పోవు వరుస మాత్రము మోసగానిదై యుండును. డబ్బు విషయమున ఖాతా మారినదని జాబు వచ్చినచో, ఆ జాబునందలి ఫోను సంఖ్యకు గాక మీకు పూర్వము తెలిసిన సంఖ్యకు ఫోను చేసి, కంఠస్వరము విని, పిమ్మటనే కట్టవలయును. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు తెలుపవలయును. ఎంత త్వరగా తెలిపిన అంత మేలు. కంప్యూటరు సాధనముతో పరుని వేషమున మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టములోని 66డి సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదును, లక్ష రూపాయలవరకు జరిమానాయు కలదు.

2000వ సంవత్సరపు ఆ చట్టముననే 11వ సెక్షనును పెద్దలు తెలిసికొనవలయును. కంప్యూటరు ద్వారా పోయిన పత్రము ఎవరిదని యెంచవలయునో అందు చెప్పబడినది. కర్త స్వయముగా పంపినను, అతని తరఫున ఆ పత్ర విషయమై అధికారము గలవాడు పంపినను, అతడు ఏర్పరచిన యంత్రము తనంత తాను పంపినను అది కర్తదే యగును. దీనివలన తేలునదేమన, సంఘము అధికారమిచ్చినవాడు పంపిన మాట సంఘమును కట్టివేయును. నేను చూడలేదు, వాడు వ్రాసెను అని తప్పించుకొనుట సులభము గాదు. కావున సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చేసి, సంఘము విలాసమిది, దాని పేర వ్రాయు అధికారము వీరికి, డబ్బు విషయమైన జాబులు ఇద్దరు చూచిన పిమ్మటనే పోవలయును అని మినిట్సు పుస్తకమున వ్రాయించి చేవ్రాళ్లు పెట్టించుకొనుడు. కంప్యూటరులో చేసిన యేర్పాటు సగము. పుస్తకములో వ్రాసిన యేర్పాటు తక్కిన సగము.

పదవులు మారు దినమున పాత కార్యదర్శి కొత్తవానికి రొక్కమును, రసీదు పుస్తకములను, ముద్రను అప్పగించును గదా! ఆ జాబితాలో ఈ-మెయిల్ పెట్టెను కూడ చేర్పవలయును. ఆ దినముననే పాస్‌వర్డు మార్పవలయును. పాతవాని అధికారము తీసి కొత్తవానిని చేర్పవలయును. పాస్‌వర్డు మరచినపుడు అంకెలు పోవు ఫోను సంఖ్య ఎవరిదో విచారింపవలయును. అది పాత కార్యదర్శి మనుమని సంఖ్యయైనచో, పెట్టె పేరునకు సంఘముది, నిజమునకు ఆ బాలునిది. దీనికై సంఘము పేర ఒక చిన్న ఫోను సంఖ్య యుంచుకొనుట మేలు. ఇవన్నియు చేయుటకు ఒక గంట చాలును.

ఇది చదువుకొన్న పిల్లల పని, మాకేల యని కొందరు పెద్దలనవచ్చును. బొత్తాములు నొక్కుట పిల్లల పనియే. విద్యానగరమున 1979లో ఇంజనీరింగు కళాశాల నెలకొన్న నాటినుండి మన చుట్టుప్రక్కల గ్రామములలో ఇట్టి విద్య నేర్చినవారికి కొరత లేదు. కాని ఏ పేర జాబు పోవలయును, ఎవరికి అధికార మియ్యవలయును, ఎవరికి ఎపుడు తీసివేయవలయును అనునవి కంప్యూటరు ప్రశ్నలు గావు. అవి గ్రామ మర్యాదకు సంబంధించిన ప్రశ్నలు. వాటికి సమాధానము చెప్పవలసినవారు మీరే. పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఫ్రమ్ వరుసలో ఎవరి పేరున్నది, బదులు ఎచ్చటికి వచ్చును, నకలు ఎచ్చట నిలుచును అని మూడు ప్రశ్నలడుగుడు. అతడు చూపి చెప్పువరకు విడువకుడు.

రాబోవు సమావేశమున మీ సంఘపు కార్యక్రమ పట్టికలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చుడు. ఇప్పటివరకు సంఘము పేర ఏయే కార్యాలయములకు ఎవరి సొంత విలాసమునుండి జాబులు పోయినవో జాబితా వ్రాసికొని, ఆ కార్యాలయములకెల్ల కొత్త విలాసము తెలుపుచు ఒక్కొక్క జాబు పంపుడు. ఆ పాత పెట్టెలలో గడువు దాటకముందే చూడవలసిన బదులు ఏదైన పడియున్నదేమో ఈ వారముననే చూడుడు. సెలవు.